జ్వరం తగ్గింది... చదువెక్కదేం?

వానలు మొదలయ్యాయంటే గాజువాక నుంచి మధురవాడ దాకా ఏదో ఒక ఇంట్లో జ్వరం మూలుగు వినిపిస్తూనే ఉంటుంది. నాలుగైదు రోజులకు ఒళ్లు చల్లబడుతుంది. పిల్లాడు బడికీ వెళ్తాడు. కానీ కిందటి వారం గడగడా చెప్పిన ఎక్కం ఇవాళ రాదు. ఒకే పేజీ నాలుగుసార్లు చదువుతాడు. 'మంచమ్మీద పడుకుని బద్ధకం మరిగాడు' అని అమ్మ విసుక్కుంటుంది. పాపం, తప్పు వాడిది కాదు!

ఒంట్లోకి సూక్ష్మక్రిమి చేరగానే రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు మోసే ప్రొటీన్లే సైటోకైన్లు. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్... పేర్లకు నోరు తిరగదు కానీ వాటి పని అందరికీ అనుభవమే. జ్వరం తెప్పించేదీ, అన్నం సయించనివ్వనిదీ, ముసుగుతన్ని పడుకోబెట్టేదీ అవే. ఆ కబురు మెదడుకూ అందుతుంది. అక్కడ కొత్త విషయాల్ని జ్ఞాపకాలుగా మలిచే భాగం హిప్పోక్యాంపస్. సముద్రగుర్రం ఆకారంలో ఉంటుందని ఆ పేరు. నాడీకణాల మధ్య బంధాలు గట్టిపడితేనే నేర్చుకున్నది నిలుస్తుంది. సైటోకైన్లు మోతాదు మించితే ఆ పని కుంటుపడుతుంది.

ఇది ఎలుకల మీద చేసిన ప్రయోగాలతోనే తేలింది కాదు. జర్మనీలోని మ్యూనిక్ శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న 20 మంది మగవాళ్లకు బ్యాక్టీరియా విషాన్ని అతి కొద్దిగా ఎక్కించి చూశారు. ఒంట్లో బాగాలేదనిపించే లక్షణాలేవీ వాళ్లలో కనిపించలేదు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం వెనకబడ్డారు. రక్తంలో సైటోకైన్లు ఎంత పెరిగితే మతిమరుపు అంత ఎక్కువ! 2001లో వచ్చిన ఫలితాలివి.

అలాగని వీటిని శత్రువుల జాబితాలో చేర్చేస్తే పొరపాటే. ఇంటర్‌ల్యూకిన్-4 అసలే లేని ఎలుకలు నీటితొట్టిలో దాగిన మెట్టును వెతుక్కునే పాఠం సరిగా నేర్చుకోలేకపోయాయని 2010లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు గమనించారు. పోపులో ఇంగువ లాంటి వ్యవహారం.

అసలు భయపడాల్సింది మన్యంలో. పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు వైపు మలేరియాలో ప్రమాదకరమైన ఫాల్సిపారం రకమే ఎక్కువ. అది మెదడుకు ఎక్కితే ప్రాణం దక్కినా కథ ముగియదు. ఆఫ్రికాలోని ఉగాండాలో మెదడు మలేరియా నుంచి బయటపడ్డ పిల్లల్ని పరిశోధకులు రెండేళ్లపాటు గమనించారు. నలుగురిలో ఒకరికి ఆలోచన, జ్ఞాపకం, ఏకాగ్రతల్లో ఏదో ఒక లోపం మిగిలే ఉంది. జబ్బు సమయంలో వెన్ను నీటిలో టీఎన్‌ఎఫ్ ఎక్కువగా ఉన్నవాళ్లు ఆరునెలల తర్వాతి పరీక్షల్లో, ముఖ్యంగా ఏకాగ్రతలో, తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. ఏజెన్సీలో చలిజ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించి, ఇచ్చిన మాత్రలన్నీ మింగించాలని వైద్యులు పోరేది ప్రాణం కోసమే కాదు, చదువు కోసం కూడా.

గాజువాక పిల్లాడికి అంత భయం లేదు. మామూలు జ్వరాల తర్వాతి మందకొడితనం సాధారణంగా దానంతటదే పోతుంది. వారాలు గడిచినా తగ్గకపోతేనే డాక్టరు దగ్గరికి. పదమూడో ఎక్కం అప్పటిదాకా ఆగుతుంది లెండి.