పాతబస్తీ యిరుకు, పడమటి వృద్ధి

పాతబస్తీ మీద మన నగర నిర్మాణ నిపుణుల ఫిర్యాదు యెప్పుడూ వొక్కటే: అక్కడ జనం మరీ కిక్కిరిసి వున్నారట. నిజమే. ఆ మాట అందరికంటే ముందు ఒప్పుకొనేవాళ్లు ఆ గల్లీల్లో కాపురముంటున్నవాళ్లే. కాని యీ నిపుణులే మూసీ దాటి పడమటికి పోగానే భాష మారుస్తారు. వొక్క యెకరం మీద వందల కుటుంబాలను నిలువునా పేరిస్తే దాని పేరు యిరుకు కాదు, వృద్ధి!

యీ తేడా ఆకాశం నుంచి వూడిపడలేదు. 2006 మార్చిలో వచ్చిన 86వ నంబరు జీవోతో, స్థలానికి యిన్ని రెట్లే కట్టాలనే హద్దు హైదరాబాదులో పోయింది. భవనం యెత్తును యిక నిర్ణయించేవి ముందున్న రోడ్డు వెడల్పూ, స్థలం కొలతా, చుట్టూ వదిలే ఖాళీ. 2012 నాటి 168వ జీవోదీ అదే దారి. చూడబోతే యెంత నిష్పక్షపాతమైన నియమం! అయితే వెడల్పు రోడ్డు యెవరి యింటి ముందుంది? ప్రభుత్వమే రోడ్లు వేసి భూమిని వేలం పాడిన చోట వుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో యెకరం ధర వంద కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాడు ఆ సొమ్మును ఆకాశంలో రాబట్టుకోక మానతాడా? మొఘల్‌పురా గల్లీలో కొడుకు పెళ్లికని పైన వొక గది వేసుకున్నవాడు మాత్రం అక్రమ కట్టడందారు.

యిరుకులో జనం సరదాకు వుండరు. లాడ్‌బజారులో మెరిసే లక్క గాజులు చుట్టుపక్కల బస్తీల యిళ్లలో, కుంపటి ముందు తయారవుతాయి. లక్క కాచేది వొకచోట, రాళ్లు అద్దేది మరొకచోట. ఆ వొక్క గదే పడకా, వంటా, కార్ఖానా. బజారుకు నడిచిపోగల దూరమే వాళ్ల పెట్టుబడి. ఆ దూరాన్ని పెంచడమంటే కూలి తగ్గించడమే. (మన మిత్రులు కొందరు యీ యిరుకును కవిత్వం చేస్తారు. మురుగు పొంగే గల్లీలో సౌందర్యం వెతకడం కూడా జమీందారీ చూపే.)

2024 సెప్టెంబరులో పాతబస్తీ అంచున, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ యిళ్ల గోడల మీద యెర్ర గుర్తులు పడ్డాయి. అక్టోబరు మొదట్లో కూల్చివేత మొదలైంది. కుటుంబాలను డబుల్ బెడ్‌రూం యిళ్లకు తరలించారు. సంతోషంగా వెళ్లినవాళ్లూ వున్నారు, దాచవలసిన పని లేదు. మిగతావాళ్ల గోడు వేరు: పిల్లల బడి యేమవుతుంది? రోజు కూలికి యెక్కడినుంచి రావాలి? నది బాగుపడవద్దని వాళ్లు అనలేదు. మూసీ యేమి చెయ్యగలదో యీ వూరికి 1908 సెప్టెంబరు నుంచీ తెలుసు. ఆ వరద వేలమందిని మింగింది.

దాని తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డును పెట్టింది. పత్తర్‌గట్టీ వీధి దాని పనే. పాడుపడ్డ బస్తీలు తీసి అద్దె యిళ్లు కూడా కట్టించింది. ప్రజలను మాత్రం అడగలేదు. రాచరికం గదా, అడుగుతుందని యెవరూ అనుకోలేదు. మరి మన సంగతి? 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావం అంచనా వెయ్యమంది, బహిరంగ విచారణ జరపమంది. 2017లో వచ్చిన తెలంగాణ సవరణ కొన్ని పథకాలను ఆ అంచనా నుంచి తప్పించే వీలు కల్పించింది. అడగడం హక్కుగా వచ్చి, అయిదేళ్లు తిరగకుండానే దయగా మారిపోయింది.

పాతబస్తీ జనం కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. నక్షాను ఉర్దూలోనూ, తెలుగులోనూ గల్లీ మొగలో అంటించండి. విచారణను ఆఫీసు వేళల్లో, ఆఫీసులో కాక, ఆదివారం సాయంత్రం బస్తీలోనే పెట్టండి. పట్టా వున్నవాడి పేరుతో పాటు, ఆ యింట్లో కిరాయికున్న గాజుల కార్మికురాలి పేరు కూడా రాసుకోండి.