పదిమందితో అడుగు కలిపితే

వ్యాయామం ఒంటికి మంచిదంటే ఎవరూ కాదనరు. మనసుకూ మంచిదంటే చాలామంది తలూపుతారు. పదిమందితో కలిసి చేస్తే మనసుకు ఇంకా మేలంటే మాత్రం, "గుంపులో గోవిందా" అని నవ్వేసేవాళ్ళే ఎక్కువ. ఆ గుంపులోనే అసలు మందు ఉన్నదని నా వాదన.

మా గూడూరు రైళ్ళ ఊరు, నిమ్మకాయల ఊరు. విజయవాడ వైపు నుంచి వచ్చిన రైలుపట్టాలు ఇక్కడ చీలి ఒక పాయగా చెన్నైకి, మరొక పాయగా రేణిగుంటకు పోతాయి. చదువుకున్న పిల్లలూ ఆ దారులనే పట్టుకొని వెళ్ళిపోయారు. చాలా ఇళ్ళలో మిగిలినవారు పెద్దవాళ్ళు. వాళ్ళలో దిగులు ఉన్నదని పైకి చెప్పేవారు అరుదు. "నిద్ర పట్టడం లేదు", "అన్నం సయించడం లేదు", "ఒంట్లో ఏదోలా ఉంది" అంటారు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వయోజనులలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నదని తేల్చింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా చెప్పింది. దిగులును ఒంటి బాధగా చెప్పుకునే మనుషులకు ఒంటి ద్వారానే చేయి అందించడం నాకు సబబుగా తోస్తుంది.

వ్యాయామం కుంగుబాటును తగ్గిస్తుందనడానికి ఆధారాలు తక్కువేమీ కావు. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 218 అధ్యయనాలను, 14 వేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన సమీక్షను ప్రచురించింది. నడక, పరుగు, యోగా, బరువులెత్తడం వంటివి చెప్పుకోదగినంత మేలు చేస్తున్నాయని దాని సారాంశం.

మరి కలిసి చేస్తే వచ్చే అదనపు లాభమేమిటి? ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 12 మంది పడవ పోటీ క్రీడాకారుల చేత తెడ్డు యంత్రం మీద ఒకసారి ఒంటరిగా, మరొకసారి జట్టుగా సాధన చేయించారు. శ్రమ రెండుసార్లూ ఒకటే. జట్టుగా చేసిన తరువాత మాత్రం వాళ్ళు నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగారు. ఒంటిలో ఎండార్ఫిన్లు ఎక్కువగా ఊరడమే ఇందుకు కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. ఇది 2010 నాటి మాట. 2017లో అమెరికాలో 69 మంది వైద్యవిద్యార్థులను 12 వారాలు గమనించినప్పుడు, సామూహిక తరగతులకు వెళ్ళినవారి ఒత్తిడి సుమారు 26 శాతం తగ్గింది. సొంతంగా వ్యాయామం చేసుకున్నవారు ఎక్కువసేపే కష్టపడినా వాళ్ళ ఒత్తిడిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అయితే ఏ వర్గంలో చేరాలో విద్యార్థులే ఎంచుకున్నారు కనుక దీనిని తిరుగులేని రుజువు అనలేము. దారి చూపే వేలు మాత్రం అనవచ్చు.

ఈ సంగతి మనవాళ్ళకు కొత్త కాదు. తిరుమల బ్రహ్మోత్సవాలలో వాహనసేవల ముందు సాగే కోలాట బృందాలను చూడండి. ఇల్లు, పొలం, వంట తప్ప మరో లోకానికి తీరిక లేని ఆడవాళ్ళు ఎందరో వాటిలో ఉంటారు. కోలాటంలో చూపు ఎదుటివారి కోల మీద ఉండాలి, చెవి పాట మీద ఉండాలి, కాలు తాళం మీద ఉండాలి. ఒకరు కోపు తప్పితే వరుస మొత్తం తడబడుతుంది. అంతసేపూ మనసు తన దిగులును తాను నెమరువేసుకునే వీలే లేదు. నేటి ఏరోబిక్స్ తరగతి, జుంబా తరగతి పాటలు పెట్టి, అడుగులు కలిపి చేసే పని ఇదే. రుసుము, అద్దాల గోడ కొత్తవి, అంతే.

అంతకన్నా పెద్ద లాభం మరొకటి ఉన్నది. మా వీధిలో ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి భార్య పోయిన తరువాత గడప దాటడం మానేశారు. బంధువుల బలవంతం మీద పొద్దుటిపూట యోగా తరగతికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆసనాలు ఆయనకు ఏమంత వచ్చేవి కావు. ఒకసారి వరుసగా రెండు రోజులు వెళ్ళకపోతే మూడోనాడు తరగతివాళ్ళు ముగ్గురు ఇంటికి వచ్చి, "ఏం సార్, రాలేదేం?" అని అడిగారు. "నేను రాలేదని గమనించే మనుషులున్నారని ఆ రోజే తెలిసింది" అని ఆయన నాతో అన్నారు. ఫోనులోని వీడియో చూసి చేసే వ్యాయామం కండరాలకు చాలవచ్చు. మానేస్తే మాత్రం అది వచ్చి తలుపు తట్టదు.

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఒకేచోట ఆసనాలు వేసి గిన్నిస్ రికార్డు సాధించారు. ముచ్చటైన దృశ్యమే, కాదనను. కానీ మూడు లక్షల మందిలో ఒకరు రాకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇరవై మందిలో ఒకరు రాకపోతే అందరికీ తెలుస్తుంది. మనసుకు కావలసినది ఆ ఇరవై మంది లెక్క. ఏడాదికి ఒక పండుగ కన్నా, మరునాటి ఉదయం కూడా తెరిచి ఉండే చిన్న తరగతి మేలు.

అలాగని ప్రతి తరగతీ మందు కాదు. లావుపాటి మనిషిని చూసి నవ్వే చోట, వెనుకబడినవారిని పేరు పెట్టి గద్దించే గురువు దగ్గర ఉన్న దిగులు రెట్టింపవుతుంది. ఇంటిపని తెమలని వేళ పెట్టిన తరగతికి ఇల్లాలు రాలేదు. తీవ్రమైన కుంగుబాటుకు వైద్యుడి బదులు వ్యాయామాన్ని చూపడం మరీ తప్పు. బతుకు మీద విరక్తి పుట్టినవారు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ రాత్రింబవళ్ళు ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

మావంటి ఊళ్ళకు పెద్ద వ్యాయామశాలలు అక్కరలేదు. బడి మైదానం చాలు, గుడి మండపం చాలు. పొద్దున ఒక జట్టు, పనులు తెమిలిన వేళ ఆడవాళ్ళ జట్టు. అరగంట చొప్పున వారానికి ఐదు రోజులైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసంగా చెప్పిన 150 నిమిషాలు నిండుతాయి. యోగాయే కానక్కరలేదు, కోలాటమైనా సరే, కలిసి వేసే నడకైనా సరే. నియమం మాత్రం ఒక్కటి ఉండాలి. రాని మనిషి ఎందుకు రాలేదో ఆ సాయంత్రంలోగా ఎవరో ఒకరు వెళ్ళి కనుక్కోవాలి.