పెరుగు డబ్బా ప్రయాణం

అమెరికాలోని గృహస్థులు ఖాళీ పెరుగు డబ్బాను రీసైక్లింగ్ తొట్టిలో వేసి, తమ బాధ్యత తీరిందని భావిస్తారు. పారవేసిన వస్తువే మరల ముడిసరుకు కావాలన్నది వర్తుల ఆర్థిక వ్యవస్థ ఆశయం. ఆశయం ఉత్తమమే, దానిని మోసే సరఫరా గొలుసు మాత్రం బలహీనమైనది.

దశాబ్దాలపాటు పాశ్చాత్య దేశాల ప్లాస్టిక్ వ్యర్థాలకు చైనాయే ప్రధాన గమ్యం. 2018 ఆరంభంలో ఆ దేశం ఇళ్ళ నుండి వచ్చే ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని నిషేధించింది. దానితో అమెరికాలో కొన్ని పట్టణాలు సేకరణనే నిలిపివేశాయి. మిగిలిన సరుకులో కొంత మలేషియాకు మళ్ళింది. 2020 జనవరి నాటికి మలేషియా 150 కంటైనర్లను అవి వచ్చిన దేశాలకే తిప్పి పంపింది.

ఒకే కొనుగోలుదారుపై ఆధారపడిన గొలుసును వలయమనడం ఆత్మవంచన. పునశ్శుద్ధి కర్మాగారాలు సమీపంలోనే, ఒకటికి రెండుగా ఉండాలి. సేకరించిన సరుకు ఎక్కడికి చేరుతున్నదో పురపాలక సంస్థలు ప్రకటించాలి.

గృహస్థుల వంతు కూడా ఉన్నది. కడగని డబ్బాలోని పెరుగు పక్కనున్న కాగితాలను సైతం పాడుచేస్తుంది. తెలుగు ఊళ్ళలో పాతసామాను కొనేవాడు ప్రతి వస్తువునూ చూసి, ఏరి, తూచి వెలకడతాడు. తొట్టిలో వేసే ప్రతి డబ్బా అతని చూపుకు నిలవాలి. కడిగి, వేరుచేసి వేసినప్పుడే గృహస్థుల బాధ్యత తీరుతుంది.