రొమ్మునొప్పియు, వంశచరిత్రయు

రొమ్మునొప్పియని యాసుపత్రికి వచ్చిన రోగి యఱువదియేండ్లవాడైనచో వైద్యులు వెంటనే గుండెను శంకింతురు. ముప్పదియేండ్లవాడైనచో నజీర్ణమనియో, మనోవ్యాకులమనియో చెప్పి పంపివేయుట కలదు. ఈ యలవాటు కొందఱి ప్రాణములను గొనుచున్నదని మేము చెప్పక తప్పదు.

1996 జనవరిలో న్యూయార్కు నగరమున జోనథన్ లార్సన్ అను 35 ఏండ్ల నాటకకర్త రొమ్మునొప్పితో కొలదిదినములలో రెండాసుపత్రులకు బోయెను. ఒకచోట నాహారదోషమనిరి, వేఱొకచోట వైరస్ జ్వరమనిరి. 25వ తేదీన నాతడు తన యింటనే మరణించెను. గుండెనుండి వెడలు బృహద్ధమని పొరలు చీలుటయే కారణమని తేలెను. ఆతనికి మార్ఫాన్ వ్యాధి యుండియుండునని వైద్యులు కొందఱు పిదప నభిప్రాయపడిరి. ప్రభుత్వము విచారించి రెండాసుపత్రులకును జరిమానా విధించెను. జరిమానాతో పోయిన ప్రాణము తిరిగివచ్చునా?

1896లో పారిస్ వైద్యుడు ఆంటొవాన్ మార్ఫాన్ వర్ణించిన యీ వ్యాధి సుమారు 5,000 మందిలో నొకరికి గలుగును. అవయవములను బిగించి పట్టియుంచు కణజాలము పుట్టుకతోనే దుర్బలమగుట దీనికి మూలము. బృహద్ధమని క్రమముగా వెడల్పై యొకనాడు చీలవచ్చును. మేనరికమే హేతువని తలచుట పొరపాటు. తలిదండ్రులలో నొక్కరికున్న చాలును. ప్రతి బిడ్డకును సంక్రమించుటకు సగముపాళ్లవకాశము గలదు. రోగులలో నాలుగవవంతు మందికి వంశమున నెవ్వరికిని లేకయే వచ్చును.

గుర్తులు పెక్కు కంటికి గనబడునవే. మిక్కిలి పొడవైన శరీరము, నిలువును మించిన బార, సన్నని పొడుగు వ్రేళ్లు, గ్రుంగిన లేక పొడుచుకొనివచ్చిన రొమ్ము, వంగిన వెన్నెముక, స్థానము తప్పిన కంటికటకము. ఐనను ఈ జాతి వ్యాధులన్నింట నీ గుర్తులుండవు. కావున కుటుంబమున నెవరైన చిన్నవయసున నకస్మాత్తుగా మరణించిరా యని యడుగుట ముఖ్యము. హఠాత్తుగా, ఆరంభముననే దుర్భరమై వీపునకు ప్రాకు నొప్పిని తేలికగా నెంచరాదు. ఎక్స్‌రేయు, ఇ.సి.జి.యు నిర్దోషముగా గనబడినను ధమని చీలియుండవచ్చును, సి.టి. స్కాన్ నిజమును తేల్చును. గుండెపోటని భ్రమించి రక్తపుగడ్డలను కరిగించు మందిచ్చినచో మేలు మాఱుగా కీడగును.

వచ్చిన వారికెల్ల స్కాన్ తీయుట సాధ్యమా యని కొందఱాక్షేపింతురు. మేమట్లు కోరుటలేదు. రోగిని నిలువెల్ల జూచుటకును, రెండు ప్రశ్నలడుగుటకును ధనమక్కఱలేదు. శంక గలిగినవారికే స్కాన్ వలయును.

ప్రజల బాధ్యతయు గలదు. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986 జనవరి 24న జపానులో నాటనడుమ కూలి మరణించెను. ఆమెకు మార్ఫాన్ వ్యాధి గలదని పిదప తెలియుటచే సోదరుని పరీక్షింపగా నాతనికిని ధమని వెడల్పై యుండెను, శస్త్రచికిత్స చేసిరి. ఒకరి మరణము వేఱొకరికి రక్షయైనది. మన యిండ్లలో పడుచువాడు హఠాత్తుగా పోయినచో విధియని కన్నీరు తుడుచుకొని యూరకుందుము. ఆ దుఃఖములోనే తోబుట్టువులను, బిడ్డలను వైద్యునికడకు గొనిపోయి పరీక్షింపజేయుడు. ముందు తెలిసినచో మందులు గలవు, శస్త్రచికిత్స గలదు. తెలియనిచో నేమియు లేదు.