ధరతో పాటు కారణమూ చెప్పాలి

వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు చేస్తే, మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రం, కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం వెన్నుదన్నుగా నిలిచాయి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో టమాట మిర్చి అని పిలుచుకునే ఈ లావుపాటి కాయకు కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. పచ్చళ్లకూ, రంగు తీసే పరిశ్రమకూ ఇది కావాలి. ఇది ఓరుగల్లు రైతు విజయం. అయితే గుర్తింపు పంట పేరును మాత్రమే కాపాడుతుంది. ఆ పేరుకు తగిన ధర రైతు చేతికి రావాలంటే నాణ్యతను పట్టి చూసే పద్ధతి కూడా మారాలి.

ఈ విషయంలో విస్కీ లోకం నుంచి నేర్చుకోవలసింది ఉంది. మద్యం మంచిచెడ్డల చర్చ వేరు. ఇక్కడ చూడవలసింది రుచికి లెక్క కట్టే క్రమశిక్షణ. ఐర్లండ్ విస్కీల్లో ఎక్కువ వాటికి పొగ వాసన ఉండదు. 1987లో మొదలైన కూలీ డిస్టిలరీ ఆ తర్వాతి దశాబ్దంలో కానెమారా సింగిల్ మాల్ట్‌తో ఆ వాసనను మళ్లీ తెచ్చింది. చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న పీట్ మట్టిని తవ్వి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగతో మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. పొగలోని ఫినాల్ గింజకు పట్టుకుంటుంది. గింజలో అది ఎంత ఉందో ప్రయోగశాల చెబుతుంది. మిగతాది మనిషి పని. రుచి చూసేవారు ముందు వాసన పడతారు, తర్వాత నాలుక మీద నిలుపుతారు, నాలుగు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూస్తారు, మింగాక మిగిలే రుచిని గమనిస్తారు. ఒక్కోదానికి ఏమనిపించిందో రాసి, ఆ తర్వాతే మార్కు వేస్తారు. కారణం కాగితం మీద ఉంది కాబట్టి మరొకరు దాన్ని ప్రశ్నించగలరు.

ఆ మార్కు విలువ ఏమిటో బెంగళూరు అమృత్ సంస్థకు తెలుసు. మన దేశపు బార్లీకి స్కాట్లండ్ పొగ బార్లీ జోడించి చేసిన అమృత్ ఫ్యూజన్‌కు విస్కీ విమర్శకుడు జిమ్ మర్రే తన విస్కీ పుస్తకం 2010 సంచికలో 100కు 97 ఇచ్చి, ప్రపంచంలో మూడో స్థానంలో నిలిపారు. భారతీయ సింగిల్ మాల్ట్‌ను అప్పటిదాకా పట్టించుకోని మార్కెట్లు తలుపు తెరిచాయి.

మిర్చి చరిత్రలోనూ నాలుకే తొలి తూకం. 1912లో అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు విల్బర్ స్కోవిల్ మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవారికి కారం తెలియకుండా పోయేదాకా కొలిచారు. ఇప్పుడు కారాన్నీ, రంగునూ యంత్రాలే కొలుస్తున్నాయి. ఎగుమతిదారు ఆ అంకెలు చూసే కొంటాడు.

మరి యార్డులో? ఖరీదుదారు బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి, రంగు చూసి, నలిపి తేమ పట్టి, రంగు చెడిన తాలు కాయ ఎంతుందో అంచనా వేసి ధర చెబుతాడు. ఆ చూపు ఏళ్ల అనుభవంతో అబ్బిన విద్య. దాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ విద్య కొనేవాడి దగ్గరే ఆగిపోతోంది. ఆ రోజు మేలు రకానికి మొదట పాడే జెండా పాటలో పలికిన ధర విని ఆశపడిన రైతు, తన బస్తాలకు అంతకంటే తక్కువ ఎందుకు పలికిందో తెలియకుండానే బండెక్కుతున్నాడు. తేమ వల్లనా, తాలు వల్లనా, కోత ఆలస్యమైనందుకా? చెప్పేవారుంటే వచ్చే కోతకు దిద్దుకుంటాడు.

2016లో జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు పాటకు ముందే నాణ్యత పరీక్ష జరగాలన్నది అందులో ముఖ్యమైన మాట. చపాటతోనైనా దాన్ని పూర్తిగా అమలు చేయాలి. ప్రతి రాశికీ తేమ, తాలు శాతం, రంగు విలువ రాసిన చీటీ పాటకు ముందే రైతు చేతికి అందాలి. ఒప్పుకోని రైతుకు మరోసారి పరీక్ష కోరే హక్కు ఉండాలి. రైతు బిడ్డలకే ఈ పరీక్షలో శిక్షణ ఇచ్చి ఉద్యోగాలివ్వాలి. మార్కెట్ కమిటీ, ఉద్యాన విశ్వవిద్యాలయం కలిస్తే ఇది సాధ్యమే. ఏటా ఆ చీటీలను భద్రపరిస్తే, ఏ ఊరి నేలలో ఏ కాయ రంగు నిలుస్తుందో పదేళ్లలో తేలుతుంది. అప్పుడు వరంగల్ చపాట తన ధరను తానే అడగగలదు.