వీలునామాలో లేని కూతురు

మన యిండ్లలో తండ్రివైపు ముత్తాత పేరేమని యడిగినచో చాలమంది చెప్పగలరు. తల్లికి తల్లి, ఆమెకు తల్లి యే యింటి యాడుపడుచో చెప్పుమన్నచో బదులు పలుకువారు కొలదిమందియే. కొంతకాలము క్రిందట మే మీ మాటనే వ్రాయగా నొక సోదరి మాకు జాబు వ్రాయుచు, "మనవారు వ్రాసి పెట్టుకొనలేదు గనుక మన కీ కొఱత వచ్చినది. తెల్లవారి దేశములలో పుట్టుకలు, పెండ్లిండ్లు, చావులు అన్నియు పుస్తకముల కెక్కును గదా, వారి కీ చిక్కు లేదు" అనిరి. పుస్తకములున్న మాట నిజమే. కాని యా పుస్తకము లొకదానితో నొకటి పోట్లాడుకొన్నప్పుడు చిక్కు వీడుటకు మాఱుగా మఱింత బిగిసికొనును. ఆ సోదరికి బదులుగా అమెరికాలోని హాంక్సు కుటుంబపు కథ నీ నెల చెప్పదలచితిమి.

అబ్రహాము లింకను పేరు వినని పాఠకురా లుండదు. 1861 మొదలు 1865లో హత్యకు గురియగువఱకు ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రముల కధ్యక్షుడు. ఆయన తండ్రివైపు వంశమును పరిశోధకులు తరము వెంట తరముగా వెదకి, 1637లో ఇంగ్లండునుండి మాసచూసెట్సుకు వలసవచ్చిన సామ్యూలు లింకనువఱకు కొనిపోగలిగిరి. ఆయన తల్లి పేరు నాన్సీ హాంక్సు. ఈమె సుమారు 1784లో వర్జీనియాలో పుట్టినది. ఈమె తల్లి యెవరు? ఈ చిన్న ప్రశ్నపై పండితులు నూఱేండ్లకు పైగా వాదులాడుకొనిరి.

హాంక్సువారు వర్జీనియా ఆంగ్లేయుల వలసగా నున్న నాటినుండి యచ్చట కాపురమున్నవారు. వారిలో జోసెఫు హాంక్సు అను నాతడు 1725లో నార్తు ఫార్నహాము అను చోట పుట్టినట్లు అచ్చటి క్రైస్తవ దేవాలయపు పుస్తకము చెప్పుచున్నది. ఆతని భార్య ఆన్ లీ; ఇంటివారు నానీ యనెడివారు. 1784లో ఆతడు తన 108 యకరముల పొలమును తాకట్టు పెట్టి, పిల్లాపాపలతో కొండలు దాటి కెంటకీ ప్రాంతమునకు పోయెను. 1793 జనవరిలో జబ్బుపడి వీలునామా వ్రాసెను. ఆ కాగితము నేటికిని గలదు. దానిని గూర్చి చదివినప్పుడు మాకు మన పల్లెటూరి పెద్దరైతు ఎదుట కూర్చున్నట్లే తోచినది. కొడుకు లైదుగురికిని తలకొక గుఱ్ఱము. కూతుండ్రు మువ్వురికిని తలకొక యేడాది పెయ్య. ఎలిజబెత్తునకు జెంటిల్ అను పెయ్య, పాలీకి లేడీ అను పెయ్య, నాన్సీకి పీడీ అను పెయ్య. పశువులకు సైతము పేరుపేరున వాటా చెప్పిన యా తండ్రి యెవరిని మఱచును? పొలము కడగొట్టు కొడుకైన జోసెఫునకు. భార్య బ్రతికినంతకాలము అంతయు నామె యధీనము. లెక్కకు బిడ్డ లెనమండుగురు.

ఈ యెనమండుగురిలో లూసీ యను పేరు లేదు. ఆ పేరును జ్ఞాపకముంచుకొనుడు.

ఆ 'నాన్సీ'ని జూచియే మొదటి పొరపాటు జరిగినది. హాంక్సు వంశముననే పుట్టిన కెరొలిన్ హాంక్సు హిచ్‌కాక్ అను విదుషి 1899లో ఒక పుస్తకము ప్రకటించి, పీడీ యను పెయ్యను పొందిన నాన్సీయే లింకను తల్లి యనియు, ఆ నాన్సీకి తల్లి షిప్లీ యను నింటి యాడుపడుచనియు నిర్ణయించెను. ఆమె త్వర కొక కారణము గలదు. అంతకు పదియేండ్లకు ముందు, 1889లో, లింకనుతో కలిసి న్యాయవాదవృత్తి చేసిన విలియం హెర్న్‌డను తన గ్రంథమున నొక సంగతి బయటపెట్టియుండెను. సుమారు 1850లో తామిద్దఱును ఒక గుఱ్ఱపుబండిలో న్యాయస్థానమునకు పోవుచుండగా లింకను తనంతట తానే తన తల్లిని గూర్చి చెప్పెనట. ఆమె లూసీ హాంక్సు అను స్త్రీకి పెండ్లి కాకమునుపు పుట్టిన బిడ్డయనియు, తండ్రి వర్జీనియాలోని యొక పెద్ద కుటుంబీకుడనియు నా మాటల సారము. దేశమంతయు పూజించు మహానుభావుని తల్లి పుట్టుకపై నిట్టి మాట పడుటతో చాలమందికి కోపము వచ్చినది. వీలునామాలోని నాన్సీ యా యపవాదును తుడిచివేయు గుడ్డవలె హిచ్‌కాక్ గారికి చేతికందినది. ఆమె యుద్దేశమును మేము తప్పుపట్టము. కాని తనకు కావలసిన పేరు కాగితమున కనబడినంతనే వెదకుట మానివేయుట పరిశోధన గాదు. ఆ కుటుంబమున నాన్సీ లొకరి కంటె నెక్కువమంది గలరు. మేనత్తకును, పినతల్లికిని, మనుమరాలికిని ఒకే పేరు పెట్టుట మనకు క్రొత్తగాదు; వారికిని క్రొత్తగాదు. పెయ్య దక్కిన నాన్సీ లింకను తల్లికి పినతల్లి యని పిమ్మట తేలినది. ఆ పినతల్లికిని పెండ్లికి ముందే 1799లో డెన్నిసు అను కుమారుడు పుట్టెను. ఇద్దఱు నాన్సీల కథలు ఇరుగుపొరుగువారి నోట కలగాపులగమగుటకు ఇంతకంటె నేమి కావలయును?

ఈ డెన్నిసు హాంక్సు ముసలితనమున హెర్న్‌డనుకు సాక్ష్యము చెప్పుచు, లింకను తల్లి హాంక్సు కానేకాదు, స్పారో యని పట్టుపట్టెను. దానికిని కారణము గలదు. లూసీ తరువాత హెన్రీ స్పారో యను నాతని పెండ్లాడినది. ఆమె యక్క చెల్లెండ్రలో నొకతె యైన ఎలిజబెత్తు ఆ హెన్రీ సోదరుడగు థామసు స్పారోకు భార్య. చిన్ననాడు నాన్సీ ఈ ఎలిజబెత్తు ఇంటనే పెరిగినది. పెంచిన వారి యింటిపేరు బిడ్డ కంటుకొనుట యెచ్చటనైనను జరుగునదే. డెన్నిసు అబద్ధమాడెనని కొందఱందురు. పెద్దమ్మ పరువు కాపాడుటకు సగము నిజము చెప్పెనని మాకు తోచుచున్నది.

లూసీని గూర్చి రెండు కాగితము లున్నవి. 1789 నవంబరులో కెంటకీలోని మెర్సరు జిల్లా గ్రాండ్ జూరీ యామెపై నడవడి బాగులేదని యభియోగము తెచ్చినది. 1790 ఏప్రిలు 26వ తేదీన హెన్రీ స్పారోతో పెండ్లికై పూచీపత్రము వ్రాయబడినది. తనకు వయస్సు వచ్చినదనియు, తన యిష్టముననే సమ్మతించుచున్నాననియు లూసీ సంతకము చేసిన కాగిత మొకటి దానికి తోడుగా గలదు. ఒకే స్త్రీని గూర్చి పురుషులు వ్రాసిన కాగిత మొకటి, ఆమె మాటగా నున్న కాగిత మొకటి! మొదటిదానిని పట్టుకొని విలియం బార్టన్ అను పండితుడు లూసీయే నాన్సీ తల్లియనియు, నాటికి ఆమెకు పెండ్లి కాలేదనియు వాదించెను. రెండవదానిలో తండ్రి యనుమతి ప్రసక్తి లేకుండుట చూచి లూయిసు వారెన్ అను మఱియొక పండితుడు, లూసీ అప్పటికే విధవయనియు, పుట్టినింటిచే షిప్లీ యనియు, జేమ్సు హాంక్సు అను నాతని భార్యగా హాంక్సు అయ్యెననియు 1926లో ప్రకటించెను. కాగితములు మాఱలేదు; చదివినవారి మనస్సులు వేఱు.

ఇచ్చట నొక చిన్న సంగతి చెప్పక పోజాలము. వలసల కాలపు పుస్తకములలో తేదీలు సైతము స్త్రీల పరువు తీయగలవు. ఆంగ్లేయుల వలసలలో 1752కు ముందు సంవత్సరాది మార్చి 25వ తేదీ. కాబట్టి 1731 ఏప్రిలులో పెండ్లియై, పది నెలలకు ఫిబ్రవరిలో బిడ్డ పుట్టినచో దేవాలయపు పుస్తకమున నదియు 1731 ఫిబ్రవరియే యగును. ఈ యెఱుక లేక చదివినవాడు బిడ్డ ముందు పుట్టినదనియు, పెండ్లి తరువాత జరిగినదనియు తీర్పు చెప్పును. జార్జి వాషింగ్టను పుట్టినది ఆనాటి లెక్కకు 1731 ఫిబ్రవరి 11. క్రొత్త లెక్కకు 1732 ఫిబ్రవరి 22. పంచాంగము మాఱిన దోషమునకు ఎందఱు తల్లులు నింద మోసిరో!

నాన్సీకి తన పుట్టుకను గూర్చిన నింద చాలక తన పెండ్లిని గూర్చిన నింద కూడ తోడైనది. లింకను ప్రసిద్ధుడైన పిమ్మట ఆతని తల్లిదండ్రుల వివాహపు నమోదు వెదకగా వారు కాపురమున్న హార్డిన్ జిల్లా దస్తరములలో అది కనబడలేదు. అచ్చట కనబడినది థామసు లింకను 1819లో సారా బుష్‌ను చేసికొన్న రెండవ పెండ్లి మాత్రమే. దీనిని జూచి సామ్యూలు హేక్రాఫ్టు అను పెద్దమనిషి సారాయే లింకను కన్నతల్లి యని పొరబడగా, 1860లో లింకనే యాయనకు జాబు వ్రాసి, తన తల్లి నాన్సీ యనియు, సారా సవతితల్లి యనియు దిద్దవలసివచ్చెను. నాన్సీకి పెండ్లియే కాలేదని గిట్టనివారు ప్రచారము చేసిరి. 1878లో ప్రక్కదైన వాషింగ్టను జిల్లా న్యాయస్థానపు గుమాస్తా పాత కట్టలలో వివాహపు పూచీపత్రమును కనుగొనెను. 1806 జూన్ 10న వ్రాసినది. 12న జెస్సీ హెడ్ అను మతబోధకుడు పెండ్లి చేసెను. పెండ్లికూతురు తన బంధుస్నేహితుల యింట నున్నందున కాగితము ఆ జిల్లాలో నున్నది. ఇన్నాళ్ళును పెండ్లి లేకపోలేదు, వెదకినచోటు తప్పు. లింకను అప్పటికి చనిపోయి పదుమూడేండ్లు.

ఆ పూచీపత్రముపై రిచర్డు బెర్రీ యను నాతడు పెండ్లికూతురి 'సంరక్షకుడు'గా సంతకము చేసెను. బెర్రీ కుటుంబమున రేచెల్ అను నిల్లాలు షిప్లీ యింటి యాడుపడుచు. అందుచేతనే నాన్సీకిని షిప్లీ రక్తము కలదని వంశవృక్షములు వ్రాయువారు ఊహించిరి. ఆదరించిన యింటిని పుట్టినిల్లుగా చేసివేసిరి.

కాగితములు తీర్పలేని యీ తగవు 2015లో వేఱొక దారిని తీఱినది. మన శరీరములోని దాదాపు ప్రతి కణమునందును మైటోకాండ్రియా యను సూక్ష్మభాగములు గలవు. వానిలోని డి.ఎన్.ఏ. తల్లినుండియే బిడ్డలకు వచ్చును. కొడుకులకును వచ్చునుగాని వారితో నాగిపోవును. కూతురు మాత్రము తన బిడ్డలకు మరల నిచ్చును. పుట్టినింటి తోడుచుక్క కూతురితో అత్తవారింటికి పోయి, అచ్చటినుండి మనుమరాలి యింటికి పోవునట్లన్నమాట. ఇంటిపేరు ప్రతి పెండ్లికిని మాఱినను ఆ తోడు మాఱదు. పరిశోధకులు లూసీనుండి కూతురి వెంట కూతురుగా దిగివచ్చిన వారిని, ఆన్ లీ హాంక్సు యొక్క తక్కిన కూతుండ్రనుండి యట్లే దిగివచ్చిన వారిని, షిప్లీ వంశపు స్త్రీలనుండి దిగివచ్చిన వారిని వెదకి పరీక్షించిరి. లూసీ వారును, ఆన్ వారును ఒకే తెగవారైరి. ఆ తెగకు ఎక్స్1సి యని పేరు, అది చాల అరుదైనది. షిప్లీవారు వేఱు. ఈ పరీక్ష కూతురిని, చెల్లెలి కూతురిని వేఱుపఱచి చెప్పజాలదు గాన పాత కాగితముల సాక్ష్యమును దీనికి జోడింపక తప్పదు. రెండును కలిపి చూడగా లూసీ జోసెఫు, ఆన్ దంపతుల కూతురే యని తేలినది. బండిలో లింకను చెప్పిన మాటకు బలము వచ్చినది. నాన్సీ తండ్రి పేరు మాత్రము ఏ కాగితమునను లేదు.

తండ్రి పెయ్యలను పేరుపేరున పంచిన యా వీలునామాలో లూసీ పేరేల లేకపోయెనో? ముందే వాటా ముట్టజెప్పి యుండవచ్చునని కొందఱందురు. మూడేండ్లకు ముందటి యభియోగమును తలచుకొన్నచో మాకు మఱియొక యూహ కలుగుచున్నది. ఏదియైనను 1793లో తప్పిన పేరు 2015లో తల్లి ప్రక్కను చేరినది.

నాన్సీ తనంతట తాను విడిచిన గుఱుతు చాల చిన్నది. 1814లో భర్త పొలమమ్మినప్పుడు దస్తావేజుపై ఆమెచే నిశాని వేయించిరి. భర్త పోయిన పిమ్మట ఆస్తిలో మూడవవంతుపై భార్యకు జీవితాంతపు హక్కు గలదు గనుక, ఆమె యొప్పుకొననిదే కొనువాడు ధైర్యము చేయడు. ఆ హక్కు లేకున్న నా నిశానియు నుండకపోవును. 1818 అక్టోబరు 5వ తేదీన, విషపు మొక్క మేసిన యావు పాలవలన వచ్చు జబ్బుతో, ఇండియానా యడవులలో ఆమె మరణించెను. కొడుకునకు తొమ్మిదేండ్లు. కూతురు సారా 1828లో తొలికాన్పులో పోయెను, బిడ్డయు దక్కలేదు. నాన్సీ తోడు అంతటితో నాగినది. పరిశోధకులు లూసీ తక్కిన కూతుండ్రను వెదకవలసి వచ్చుట అందుచేతనే.

మాకు జాబు వ్రాసిన సోదరి తమ యమ్మమ్మగారి తల్లి పుట్టినింటి పేరును, ఊరిపేరును తెలిసికొని వ్రాసిన సంతోషింతుము. ఇద్దఱు పెద్దలు రెండు పేర్లు చెప్పినచో రెండును వ్రాయుదురుగాక.