ఇంటి విద్యలు: మాట ముందు, బొమ్మ వెనుక



మా వారు బడిలో గణితము చెప్పుదురు. బడికి రాలేని పిల్లలు వెనుకబడకుండుటకై, సాయంకాలములందు ఫోను తెరమీద బొమ్మలు గీయుచు పాఠము చెప్పి, ఆ తెరనే రికార్డు చేయుదురు. అందలి దగ్గులను, వీధికుక్కల మొఱుగులను తీసివేసి, మొదట పాఠము పేరు చేర్చి పంపుట మా వంతు.

ఒకనాడు లంబకోణ త్రిభుజమును గూర్చిన పాఠము పంపితిమి. తల్లి జబ్బుచే కొన్నాళ్లుగా బడి మానిన పదవ తరగతి బాలిక మఱునాడు నోటుపుస్తకముతో వచ్చి, "అమ్మగారూ! మాస్టారుగారు కర్ణమనునప్పుడు తెరమీద వ్రేలు భూమిమీదనే యున్నది. నేనట్లే వ్రాసికొంటిని. ఒక్క లెక్కయు కుదురలేదు" అనెను. చూడగా రెండు పుటల నిండ నదే తప్పు. చెప్పినవారిది గాని విన్నపిల్లది గాని దోషము కాదు. నడుమ కూర్చిన మాదే.

శబ్దమును కొంచెము వెనుకకు జరిపి చూచితిమి. కడపటి భాగము కుదిరెను. మొదటి భాగము చెడెను. అనగా మాటకును బొమ్మకును గల యెడము పోను పోను పెరుగుచున్నదన్నమాట. ఫోనులోని మూలప్రతిని వీఎల్‌సీలో చూడగా నది సరిగానే నడచుచున్నది. కాన లోపము రికార్డింగునందు కాదు. దానికిని ఎడిటింగు సాధనమునకును పొత్తు కుదురకపోవుటయే.

కారణము వినుడు. వీడియో యనునది వరుసగా కూర్చిన బొమ్మల దండ. ఒక్కొక్క బొమ్మను ఫ్రేమందురు. ఫోను తెర కదలుచున్నప్పుడు క్షణమునకు 60 ఫ్రేముల వఱకు తీయవచ్చును. గురువు గీయుట మాని మాటలాడుచున్నప్పుడు తెర మాఱదు గనుక కొన్నిటినే తీయును. పూలు ఒకచోట దగ్గఱగను, ఒకచోట దూరముగను కట్టిన దండవంటిది. దీనినే వేరియబుల్ ఫ్రేమ్ రేటందురు. ఎడిటింగు సాధనములు కొన్ని మూర వేసి కొలువక, పూలు లెక్కించి దండ పొడవు నిర్ణయించును. శబ్దము మాత్రము సమముగా సాగును. ఇంక రెండును కలియుటెట్లు?

దీనికి హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాధనము మంచి మందు. కంప్యూటరులో దానియందు మూలప్రతిని తెఱచి, వీడియో భాగమున ఫ్రేమ్ రేటు 30 అని యెంచి, కాన్‌స్టంట్ అను గుర్తు పెట్టవలెను. ఎన్‌కోడరు హెచ్.264గా నుంచవలెను. నాణ్యతాసంఖ్య 18 మొదలు 20 వఱకు చాలును; సంఖ్య తగ్గినకొలది స్పష్టతయు ఫైలు బరువును పెరుగును. శబ్దమును ఏఏసీగా, 48 కిలోహెర్ట్‌జులుగా నుంచవలెను. బొమ్మ కొలత తగ్గిపోకుండ చూచుకొనుడు. తగ్గినచో అక్షరములు మసకబాఱును. ఈ క్రొత్త ప్రతినే ఎడిటింగులోనికి తీసికొనవలెను. ముందు కూర్చి, పిదప మార్చిన ఫలము లేదు.

కొన్ని ఫైలులు అసలు తెఱచుకొననే తెఱచుకొనవు. అచ్చట చిక్కు వేఱు. ఎంపీ4, ఎంకేవీ యనునవి జాడీలవంటివి, హెచ్.264, హెచ్.265 యనునవి లోని ఊరగాయవంటివి. హెచ్.265నే హెచ్‌ఈవీసీ యనియు నందురు. జాడీ మాత్రమే సరిపడనిచో ఊరగాయను తిరిగి పెట్టనక్కఱ లేదు, జాడీ మార్చిన చాలును. కంప్యూటరు తెరను రికార్డు చేయు ఓబీఎస్ సాధనములో ఫైలు పట్టికయందు రీమక్స్ అను పని యిందులకే కలదు. అది త్వరగా ముగియును, నాణ్యత చెడదు. లోని ఊరగాయయే సరిపడనిచో హ్యాండ్‌బ్రేక్‌తో హెచ్.264గా మార్చవలసినదే.

ఎంకేవీతో నింత చిక్కుండగా మొదటనే ఎంపీ4గా తీయరాదా యని యడుగుదురేమో. నడుమ కరెంటు పోయినచో మామూలు ఎంపీ4 ఫైలు ముగింపు పడక తెఱువరానిదగును. ఎంకేవీలో అంతవఱకు తీసినది దక్కును. కరెంటు కోతలెఱిగిన యిండ్లలో ఇది చిన్నమాట కాదు. ఎంకేవీగా తీసి, పిదప ఎంపీ4కు మార్చుకొనుట మేలు.

మేము పాఠమును తిరిగి కూర్చి పంపితిమి. బాలిక పాత పుటలను కొట్టివేసి, లెక్కలన్నియు మరల చేసి తెచ్చినది. మా వారు దిద్దిరి. ఒక్కటి తప్ప అన్నియు సరియే, ఆ ఒక్కటియు కూడికలోని పొరపాటు.

నాటినుండి మాకు రెండు నియమములు. మూలప్రతిని ఎన్నడును తుడిచివేయము. పంపుటకుముందు మొదటి నిమిషమును, కడపటి నిమిషమును చెవియొగ్గి చూతుము. మొదట కుదిరినదని మురిసి పంపినచో, ఏ యింటనో ఒక పిల్ల ఆ తప్పునే శ్రద్ధతో వ్రాసికొనుచుండును.